తమ్ముడు ఓడిపోయే ఆటకి మా నాన్నతో ఖరగ్‌పూర్ ప్రయాణం

మా తమ్ముడు సూర్యనారాయణ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో, బాయిలర్ షాపులో పనిచేసేవాడు. ఉత్తరం రాయమంటే వాడికి చేతులు రావు. అరవైల మధ్యలో ఒక చలికాలం వాడి దగ్గర్నుంచి విజయనగరానికి ఒక లావుపాటి కవరు వచ్చింది. లోపల ఉత్తరం లేదు, ఎనిమిది మడతలు పెట్టిన వాల్‌పోస్టరు ఉంది. విప్పి నేలమీద పరిస్తే సగం గది నిండింది. ఎరుపు అక్షరాలతో ‘ఫ్రీ స్టయిల్ కుస్తీలు! బాయిలర్ భీమ్ వర్సెస్ కాలా నకాబ్!’ అని ఉంది. కింద కండలు చూపిస్తున్న మావాడి బొమ్మ, దాని కింద ‘విజయనగరం వస్తాదు అప్పలస్వామి గారి తాలింఖానా శిష్యుడు’ అన్న మాట. ఆ వస్తాదు అప్పలస్వామి మా నాన్న.

పోస్టరు చూసి నాన్న పొంగిపోతారనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. నలభై ఏళ్ళుగా మట్టిలో కుస్తీ నేర్పిన మనిషి ఆయన. ఈ తాళ్ళు కట్టిన కుస్తీలు ముందే మాట్లాడుకుని ఆడే నాటకాలని ఎవరో ఆయన చెవిన వేశారు. “నిజం కుస్తీ అయితే నా పేరు ఏసుకోనీ. నాటకమైతే నా తాలింఖానా పేరు కొట్టించేసి ఒచ్చెత్తాను. ఆడిని ఇక నా కొడుకని కూడా అనను,” అన్నారు. ఆ రెండో మాట విన్నాకే నేనూ వస్తానన్నాను. నేను పాఠాలు చెప్పే స్కూల్లో మూడు రోజులు సెలవు పెట్టాను. ఆయన్ని ఒంటరిగా పంపితే మాకు తమ్ముడు మిగలడు.

కొడుకు రైల్వే పాసు పంపుతానన్నా నాన్న ఒప్పుకోలేదు. శనివారం సాయంత్రం సొంత డబ్బుతో మూడో తరగతి టిక్కెట్లు కొని హౌరా వెళ్ళే మెయిలెక్కాం. ఆ రోజుల్లో మనిషికి పదహారు, పదిహేడు రూపాయలయ్యేది. పలాస దాటేసరికి పులిహోర తిని పడుకుంటే కటక్ ఎప్పుడు పోయిందో తెలీదు. తెల్లారి బాలాసోర్‌లో మట్టి ముంతలో టీ తాగితే, ఇంకో రెండు గంటలకి ఖరగ్‌పూర్. ఆ ప్లాట్‌ఫారం గురించి అందరూ చెబుతారు గానీ సామాను మోసుకుంటూ నడిస్తే తప్ప దాని పొడవు అర్థం కాదు. మేం దిగిన పెట్టె దగ్గర్నుంచి గేటు దాకా నాన్న ఎటూ చూడకుండా విసవిసా నడిచారు. దారిలో పోర్టర్లు, టీ అమ్మేవాళ్ళు, బళ్ళు తుడిచేవాళ్ళు సగం మంది మన తెలుగే మాట్లాడుతుంటే నాకు మాత్రం బలే హుషారు వచ్చింది. బెంగాల్ నడిబొడ్డున ఎవరో “ఒలమ్మీ, ఆ సంచి ఇలగ తే!” అని కేకవేస్తే పోర్టరుకి పావలా ఎక్కువే ఇవ్వబుద్ధయింది.

స్టేషన్ బయట రిక్షావాలా కూడా మనవాడే, పాలకొండ వైపు మనిషి. మలంచా రోడ్డుకి ముప్పావలా అడిగాడు. “ఎవలింటికి బాబూ?” అంటే నాన్న “తెలిసినోళ్ళింటికి,” అన్నారు. కొడుకింటికి అనలేదు. రిక్షావాలా మాత్రం అదేం పట్టించుకోకుండా సొంత గొడవలో పడ్డాడు.

“ఇయ్యాల మద్దేన్నం మూడింటికి మన బీముడి కుస్తీ ఉన్నాది, ఎల్లండి బాబూ. మూడు వారాల కింద ఆ నకాబ్‌గాడు మనోడి మెడలో దండ తెంపి తొక్కినాడు. పోయినోరం ఎనకనుంచి కుర్సీతో కొట్టినాడు. రిఫరీ దాదా సూసి కూడా సూడనట్టు నిల్చున్నాడు. ఇయ్యాల మనోడు ఆడి ముసుగు పీకకపోతే నాను రిక్షా తొక్కడం మానేత్తాను!”

అతని గొంతులో ఆ మంట అబద్ధం కాదు. నాన్న నా వైపు చూసి, “కుర్సీతో కొట్టడం కుస్తీయేటి?” అన్నారు మెల్లగా. నేను రోడ్డు చూస్తున్నట్టు నటించాను.

ఖరీదా బజారు దాటాక ఒక గోడ దగ్గర నాన్న రిక్షా ఆపమన్నారు. బక్కపలచటి బెంగాలీ మనిషి ఒకతను గోడకి తెలుగు పోస్టరు అంటించి, జిగురు చేతుల్ని లుంగీకి తుడుచుకుంటున్నాడు. బొమ్మ అదే, మాటలు మాత్రం వేరు. ‘గత ఆదివారం కాలా నకాబ్ మోసానికి ఓడిన బాయిలర్ భీమ్ ప్రతీకారం! ఈ ఆదివారం చూడండి!’ అని ఉంది. నేను రెండుసార్లు చదివాను. కింద వేసిన తేదీ వచ్చే ఆదివారానిది, అంటే ఆ ‘గత ఆదివారం’ ఆ రోజే. ఆట ఇంకా మొదలు కూడా కాలేదు. పాపం ఆ మనిషికి తెలుగు రాదు, రెండు ఆదివారాల కట్టలూ ఒకేసారి చేతికిస్తే వచ్చేవారానిది ముందు అంటించేశాడు.

రిక్షా దిగి అతని దగ్గరికి పరుగెత్తాను. “దాదా, ఏ గలత్ హై! అగలే హఫ్తే కా హై!” అని నాకొచ్చిన హిందీలో మొత్తుకుంటే అతను నాలిక కరుచుకున్నాడు. “ఆర్ లాగాబో నా దీదీ,” ఇక అంటించనంటూ తడి పోస్టరు చరచరా పీకేశాడు. ఇంకా ఎక్కడా అంటించలేదట, అదే మొదటిదట. రిక్షావాలాకి చదువు రాదు కాబట్టి బతికిపోయాం. నాన్నకి చదువు వచ్చు. ఆయన మొహం మాడ్చుకుని రిక్షాలో బిగుసుకుని కూర్చున్నారు.

తమ్ముడి క్వార్టరు ఒకటే గది, ముందు చిన్న వరండా. వాడు వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. మావైపు అక్కని అప్ప అంటాం. “అప్పా!” అని నా చేతిలో సంచి అందుకుని, నాన్న కాళ్ళకి వంగాడు. నాన్న కాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

“సూరీ, ఇయ్యాల నువ్వు ఓడిపోతన్నావేటి?”

వాడు నా వైపు చూశాడు. నేను పోస్టరు సంగతి చెప్పాను. వాడు అబద్ధమాడలేదు, ఆ మాట మాత్రం నేను ఎక్కడైనా చెబుతాను. “ఔను నాన్నా. ఇయ్యాల ఓడిపోతాను, ఒచ్చే ఆదివారం గెలుత్తాను. మేనేజరు ఎలగ రాత్తే అలగ.”

“నలభై ఏళ్ళు నేర్పినాను. ఓడిపొమ్మని ఎవుడికీ నేర్పనేదు. నీ మేనేజరికి సెప్పి నా పేరు కొట్టించీ. మధ్యాన్నం బండికి ఎల్లిపోతాను.”

తమ్ముడి కళ్ళు నిండాయి. పలకలాంటి ఛాతీ ఉన్న మనిషి అలా నిలబడితే చూడలేకపోయాను. నాన్న మీద నాకు కోపం వచ్చింది, ఉన్న మాట చెబుతున్నాను. పైకి మాత్రం టీచరు గొంతుతో, మద్రాసు వైపు మెయిలు రాత్రికి గానీ లేదని, అందాకా ప్లాట్‌ఫారం మీద దోమలకి ఒళ్ళు అప్పగించడం నావల్ల కాదని, కుస్తీ టిక్కెట్లు తమ్ముడి దగ్గర ఎలాగూ ఉన్నాయి కాబట్టి ఆట చూసి వెళ్దామని చెప్పాను. నాన్న ఒప్పుకున్నట్టు చెప్పలేదు, కాదనీ అనలేదు. తమ్ముడు చేసిన ఉప్మా నేనొక్కదాన్నే తిన్నాను. ఉప్పు ఎక్కువైంది.

ఆట ఫుట్‌బాల్ మైదానంలో. చుట్టూ రేకులు కట్టి, మధ్యలో సాల కర్ర గుంజలు పాతి, తాళ్ళతో చదరపు అరుగు వేశారు. ముందు కుర్చీలు ఐదు రూపాయలు, వెనక చెక్క గ్యాలరీ రూపాయి. తమ్ముడు కుర్చీ టిక్కెట్లు ఇస్తే నాన్న గ్యాలరీలోనే కూర్చున్నారు, సంచి ఒళ్ళో పెట్టుకుని. మా చుట్టూ వర్క్‌షాపు జనమే. బాయిలర్ షాపు వాళ్ళు డప్పులు తెచ్చారు. మాకు ఎడంపక్క ధోవతి కట్టుకున్న ఒక బెంగాలీ గుమాస్తా, ఉల్లిపాయలు కలిపిన ముర్రీ, అంటే మన మరమరాలు, పొట్లంలోంచి నాకూ పెట్టాడు. ఆవనూనె ఘాటుకి ముందు ముక్కు మండింది, తరవాత ఇంకో గుప్పెడు అడిగి తీసుకున్నాను.

కాలా నకాబ్ ముందు వచ్చాడు. నల్ల ముసుగు, నల్ల చెడ్డీ, ఏనుగులాంటి మనిషి. జనం అరటి తొక్కలు విసిరితే తొడ చరిచి ఇంకా రెచ్చగొట్టాడు. తరవాత మావాడు వచ్చాడు. చుట్టూ ఉన్న గ్యాలరీ అంతా లేచి “బీమ్! బీమ్!” అంటూ చెక్కల్ని కాళ్ళతో కొడుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. మా వీధిలో నా జడ లాగి పారిపోయిన వెధవ వీడేనా అనుకున్నాను. ఓడిపోతాడని తెలిసి కూడా గొంతు పోయేలా అరిచాను. నాన్న తలవంచుకుని సంచి ముడి సర్దుకుంటున్నారు.

ఐదు నిమిషాలయ్యాక చూస్తే ఆయన తల ఎత్తి ఉంది. ఇంకో ఐదు నిమిషాలకి ముందుకి వంగి కూర్చున్నారు.

“అమ్మీ, ఆ ముసుగోడి ఎడం మోకాలు సూడు. అది పనికిరాదు. ఆడు మనోణ్ణి ఎత్తడం నేదు, మనోడే ఎగిరి ఆడి బుజమ్మీదకి ఎక్కుతన్నాడు. పడినప్పుడల్లా కుడిపక్కకే పడతన్నాడు, ఆడి బరువు ఎడం కాలు మీదకి పోకుండా.”

నాకేమీ కనిపించలేదు. నకాబ్ మావాణ్ణి చితకబాదుతున్నట్టే ఉంది. జనం ఏడుపు మొహాలు పెట్టారు. చివరికి మావాడు వెల్లకిలా పడ్డాడు. నకాబ్ మూలనున్న తాళ్ళ మీదకి ఎక్కాడు, వాడి మీదకి దూకడానికి. దూకే క్షణంలో అతని ఎడం మోకాలు మడతపడింది. అది మాత్రం నేనూ చూశాను. కాళ్ళు పైకి లేచి, తల ముందుగా నేల మీదకి వస్తున్నాడు. తమ్ముడు పక్కకి దొర్లితే చాలు. వాడు దొర్లలేదు. సగం లేచి రెండు చంకల కింద చేతులు పెట్టి పట్టుకుని, అతన్ని గిర్రున తిప్పి తన వీపు నేలకి ఆన్చి పడ్డాడు. ధబ్ మన్న చప్పుడు గ్యాలరీ దాకా వినబడింది. నకాబ్ పైన, మావాడు కింద. రిఫరీ మూడు లెక్కపెట్టి నకాబ్ గెలిచాడన్నాడు.

మైదానం అంతా “మోసం! మోసం!” అని అరుస్తుంటే నాన్న లేచి నిలబడ్డారు. “పక్కోడి మెడకి పూచీ నీది. తాలింఖానాలో నాను సెప్పే మొదటి ముక్క అదే. ఏడాది పొడుగునా పడ్డోణ్ణి పట్టుకోడమే నేర్పుతాను, పడెయ్యడం తరవాత. ఎంతమందికి నేర్పినాను! ఇంత బాగా పట్టుకున్నోణ్ణి ఇప్పుడే సూసినాను, అమ్మీ.”

పక్కనున్న గుమాస్తా జాలిగా, “తుమారా భీమ్ తో గయా, దాదా,” అన్నాడు. నాన్న అతని భుజం పట్టుకుని, తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కలు కూడగట్టుకుని, మూడు వరసలకి వినబడేలా చెప్పారు: “వో మేరా బేటా హై!”

వెనకవైపు టార్పాలిన్ డేరాలో కాలా నకాబ్ ముసుగు తీసేసి, కళ్ళద్దాలు పెట్టుకుని, టీ తాగుతున్నాడు. యాభై దాటిన బట్టతల మనిషి. అక్కడ అందరూ హరి దా అని పిలుస్తున్నారు. నాన్నని చూడగానే లేవబోయి లేవలేక, ఈ రోజు తన మెడ విరగాల్సింది, మీవాడి చేతులు కాపాడాయని హిందీలో చెప్పాడు. తమ్ముడు మూల బెంచీ మీద తల దించుకుని కూర్చున్నాడు. నాన్న వాడి వెనక నిలబడి, రెండు బొటనవేళ్ళతో మెడ ఎముకలు ఒక్కొక్కటే తడిమి చూశారు.

“నొప్పేటి?”

“నేదు నాన్నా.”

“ఎడం బుజం ముందు దించాలి. మళ్ళీ ఇలగ పడితే సంపెత్తాను. ఒచ్చే ఆదివారం నువ్వే కదా గెలుత్తావు?”

“ఔను నాన్నా.”

“గెలిసినప్పుడు ఆయన్ని నెమ్మదిగా దించు.”

తమ్ముడు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. ఆ వారం మేం ఖరగ్‌పూర్‌లోనే ఉండిపోయాం. నేను స్కూలుకి జ్వరమని టెలిగ్రామ్ ఇచ్చాను. రోజూ పొద్దున్నే హరి దా శాలువా కప్పుకుని దొంగలా తమ్ముడి క్వార్టరుకి వచ్చేవాడు. ఊరంతా బద్ధశత్రువులనుకుంటున్న వాళ్ళిద్దరూ ఒకే చాప మీద కూర్చుంటే, నాన్న వేడి నూనెతో ఆ మోకాలు గంటసేపు పట్టేవారు. ఎదురింటివాళ్ళు చూడకుండా తలుపు దగ్గర కాపలా నేను.

తరువాతి ఆదివారం మావాడు గెలిచాడు. జనం వాణ్ణి భుజాల మీద ఎత్తుకుని మైదానం చుట్టూ తిప్పారు. ఇప్పుడు నాన్న లేరు, హరి దా లేడు, ఆ కుస్తీల కంపెనీ కూడా లేదు కాబట్టి ఇదంతా ధైర్యంగా రాస్తున్నాను. ఆ తరవాత నాన్న ఇంకో ఇరవై ఏళ్ళు తాలింఖానాలో పాఠం చెప్పారు. కొడుకు గెలిచిన ఆట గురించి ఆయన నోట ఒక్కసారీ వినలేదు. కొత్తగా చేరిన ప్రతి శిష్యుడికీ, మొదటి రోజు, లంగోటా కట్టుకోకముందే ఓడిపోయిన ఆట కథ చెప్పేవారు.

ఖరగ్‌పూర్ వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. మీవాళ్ళు అక్కడ ఎవరైనా పనిచేస్తుంటే ఆదివారం పూట ఇంట్లో పలకరించి వచ్చెయ్యకండి. రెండు రోజులు ఎక్కువ పెట్టుకుని వెళ్ళి, వాళ్ళు పనిచేసే చోట, పనిలో ఉండగా ఒకసారి చూసి రండి.