పల్సానాలో మా ఎర్ర పల్లీలు

నిరుడు ఎండాకాలంలో మా అక్క గృహప్రవేశానికి సూరత్ వెళ్లినప్పుడు ఒక సంచి ఎర్ర పల్లీలు మోసుకెళ్లాను. మా నారాయణపేట వైపు ఒకప్పుడు ఇంటింటా వేసిన రకం. కాయ పొడవు, సన్నం. ఒక్కో కాయలో మూడు గింజలు, ఒక్కోసారి నాలుగు. ఉడకబెడితే తియ్యగా ఉంటాయి. బావ నర్సింహులు సంచిలో చెయ్యి పెట్టి చూసి, భోజనాలకు వచ్చిన పది మంది ముందు, “గివి పిట్టలకేసేటియా బామ్మర్దీ?” అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

ఈ ఏడు నా విత్తనపు కాయలకు పురుగు పట్టింది. ఊళ్లో అందరూ మార్కెట్ రకాలకు మారిపోయారు, అడగడానికి మరో ఇల్లు లేదు. యాసంగికి ఏం వేయాలో తోచక కూర్చుంటే అక్క ఫోన్ చేసింది. “మీ బావ నీ పల్లీలు పల్సానాల తన కార్ఖాన ఎన్క పెట్టిండురా. తొలి వానలకే పెట్టిండు, మస్తుగ కాసినయ్. దీపావళి అయినంక పీకుతడట.”

విత్తనానికి ఆ మనిషి దగ్గరికే పోవాల్సి రావడం కష్టమే. అయినా ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు.

నారాయణపేటలో పొద్దున ఆరింటి బస్సు ఎక్కితే మధ్యాహ్నం రైలుకు సికింద్రాబాద్‌లో ఉండొచ్చు. కింది బెర్త్ అడిగితే సైడ్ బెర్త్ ఇచ్చారు. అన్నం ఇంటి నుంచే కట్టుకెళ్లండి. రైల్లో కొన్న పులావ్‌లో బియ్యం తప్ప ఏమీ లేదు.

ఎదుటి సీట్లో రాజ్‌కోట్ వెళ్తున్న రైతు దంపతులు. షోలాపూర్ దాటాక ఆవిడ నా చేతిలో ఖారీ సింగ్ పోసింది, అంటే ఉప్పుతో వేయించిన పల్లీలు. గింజ నా బొటనవేలి గోరంత ఉంది. బాగున్నాయని ఒప్పుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది. తమది తీగలా నేల మీద పాకే రకమనీ, నాలుగు నెలలు దాటి కోతకొస్తుందనీ, కోత ముందు వాన పడ్డా గింజ నేలలో నిద్రపోతుందనీ ఆయన హిందీలో చెప్పాడు. మాది నిటారుగా పెరిగే గుత్తి రకం, మూడు నెలలు దాటితే చాలు, దానికి ఆ నిద్ర లేదు, ముదిరాక తడి తగిలితే నేలలోనే మొలకెత్తుతుంది అన్నాను.

“సూరత్ మే తో పర్సోం బారిష్ హుయీ, భాయ్,” అందావిడ.

మొన్ననే వాన. నోట్లో పల్లీ అలాగే ఉండిపోయింది. దీపావళి దాకా ఆగడం వాళ్ల తీగ రకానికి సరైన లెక్క. బావ ఆ లెక్కనే మా గుత్తి రకానికి వేశాడు.

పొద్దున తొమ్మిదిన్నరకు సూరత్. బావ స్టేషన్ బయటే ఉన్నాడు.

“జర చాయ్ తాగి ఇంటికి పోదాం. అక్క రొట్టెలు జేస్తున్నది.”

“ముందు పల్సానా పోదాం.”

“గింత తొందరేంది? పల్లీలు ఏడికన్న పోతయా?”

“పోతయి బావా. మొలకెత్తి పోతయి.”

సంగతి చెప్పేసరికి అతని ముఖం వాడిపోయింది. “నాకెవడు చెప్పిండు? ఈడ అందరు దివాలీ అయినంకనే అన్నరు.”

“సంచి ఇచ్చిననాడు నవ్వకుండ అడిగితే నేనే చెప్తుంటి.”

పల్సానాకు బస్సులో గంట. కిటికీ పక్కన అతనే కూర్చున్నాడు. బస్సు దిగగానే మగ్గాల చప్పుడు. అతను పనిచేసే షెడ్డు వెనక, గోడ వెంబడి నాలుగు సాళ్లు. నల్లరేగడి. మామూలుగా ఈ నేలలో చెట్టు పీకితే కాయలు లోపలే తెగిపోతాయి. మొన్నటి వానకు మాత్రం మెత్తబడింది. మొదటి చెట్టు బావ పీకాడు. కాయలు పగిలి తెల్లటి మొలకలు. రెండోదీ అంతే. మూడోది పీకడానికి అతనికి చెయ్యి రాలేదు.

నేను గోడ చివర, నేల కాస్త ఎత్తుగా ఉండి నీళ్లు నిలవని చోట కూర్చుని పీకాను. గుత్తి గుత్తంతా గట్టిగా బయటికొచ్చింది. ఒక కాయ చిదిమాను. నాలుగు గింజలు, ఎర్రగా మెరుస్తూ. పక్క చెట్టూ అంతే, దాని పక్కదీ అంతే. ఇద్దరం బురదలో మోకాళ్ల మీద పాకుతూ పీకాం. బెర్త్ సంగతి కూడా కాసేపు మర్చిపోయాను.

“పిట్టల మేత ఎందుకు పెట్టినవ్ బావా?”

“డాబా మీద పోస్తే నిజంగనే పిట్టలొచ్చినయ్. పక్కన పెద్ద పల్లీలున్నా ముట్టలే, గివ్వే తిన్నయ్. నేనొకటి నోట్లేసుకున్న. మా అమ్మ ఉడకబెట్టిన రుచి. మిగిలినయి ఇత్తనానికి దాచిన.”

“మరి ఫోన్ జేసి చెప్పలే?”

“చెప్తే ఊకుంటవా? జన్మంత అంటవు.”

మొలకెత్తినవాటితో అక్క కూర వండింది. మిగిలినవి డాబా మీద ఎండేదాకా ఆగాను. ఈలోగా ఒక సాయంత్రం సూరత్ దగ్గర్లోని డుమస్‌లో సముద్రం చూసి టమాటా బజ్జీలు తిన్నాను, మీరూ తినండి. విత్తనం తెచ్చుకునేవాళ్లు గోనెసంచిలోనే తెచ్చుకోవాలి. ప్లాస్టిక్‌లో బూజు పడుతుంది.

తిరుగు రైల్లోనూ సైడ్ బెర్తే. నా పక్కనున్నాయన సంచి చూసి రెండు పల్లీలు అడిగితే, ఇవి తినేవి కావని చెప్పి బావ కొనిచ్చిన ఖారీ సింగ్ ఇచ్చాను. సంచి తల కింద పెట్టుకుని పడుకున్నాను. అది కొంచెం తేలికగా ఉంది. రైలెక్కించేటప్పుడు బావ అందులోంచి రెండు పిడికిళ్లు తీసి జేబులో పోసుకున్నాడు. నన్ను అడగలేదు. రైలు కదిలాక మాత్రం కిటికీ వెంట నడుస్తూ గట్టిగా అడిగాడు.

“బామ్మర్దీ, ఈసారి ఎప్పుడు పీకాలె?”

“ఆకు పసుపు తిరగంగనే. ఎవ్వల మాట ఇనకు, నాకు ఫోన్ జెయ్యి.”

తల ఊపాడు. ప్లాట్‌ఫాం మీద చుట్టూ పది మందికి తక్కువ లేరు. వాళ్లందరి ముందే అడిగాడు. అది కూడా నేను మర్చిపోను.