ఏటి నీళ్ల కబురు

ఆ రోజు తెలిసిన మాటను తెలియనట్టు మింగేశాను. పొరపాటున కాదు, కావాలనే.

నేను జమ్మలమడుగులో నీటిపారుదల ఉద్యోగిని. పైనున్న జలాశయం గేట్లు మధ్యాహ్నం ఎత్తుతారని పొద్దున్నే నాకు తెలుసు. పెన్నలోకి వదిలిన నీళ్లు ప్రొద్దుటూరు వైపు ఎప్పటికి చేరతాయో కూడా చెప్పగలను. ఆ అంచనా నాకెప్పుడూ తప్పలేదు. అప్పుడే ప్రొద్దుటూరు నుంచి రెవెన్యూ ఆయన ఫోన్ చేశాడు.

"అప్పా, ఈ పొద్దు నీళ్లు వదుల్తాండారా? ఏట్లో గొర్ల మంద ఉండాది."

"లెటర్ వస్తాది, చూసుకోండి," అని పెట్టేశాను.

మా ఆఫీసు పద్ధతి అది. మాలో మాకు ఫోన్ చాలు, గేటు దగ్గర ఎవరు దగ్గినా అందరికీ తెలుస్తుంది. రెవెన్యూవాళ్లకు మాత్రం కాగితమే. మీటింగుల్లో మమ్మల్ని నిలబెట్టి మాట్లాడతారని వాళ్లమీద కోపం. వాళ్లను కాసేపు కాచుకోబెట్టడం మాకొక సరదా. కొత్తగా చేరినవాళ్లకు ఈ పద్ధతి నేర్పింది నేనే.

లెటర్ చేరకముందే గేట్లు లేచాయి. పులివెందుల నుంచి మంద తోలుకొచ్చిన కాపరి, ఏ కబురూ లేదు కదా అని గొర్రెలను ఇసుక దిబ్బ మీదే వదిలి గట్టున అన్నానికి కూర్చున్నాడు. నీళ్లు దిబ్బను చుట్టేశాయి. రెవెన్యూ ఆయన మళ్లీ ఫోన్ చేస్తే, గేట్లు దించమని మావాళ్లకు చెప్పి బండెక్కాను. వదిలిన నీళ్లను మాత్రం ఆపలేం.

నేను పోయేసరికి చేపలు పట్టేవాళ్లు పుట్టిలో గొర్రెలను దాటిస్తున్నారు. పెద్దవి చాలావరకు దక్కాయి. గొర్రెపిల్లలు కొట్టుకుపోయాయి. నీళ్ల సంగతి నాకు పొద్దున్నే తెలుసని, అడిగినా చెప్పలేదని అక్కడికొచ్చిన రెవెన్యూ ఆయన ఎదుటే కాపరికి చెప్పాను. తిడతాడనుకున్నాను.

"ఒక్క మాట చెప్పింటే నీదేం పోయింటాది సామీ?" అని, తడిసిన గొర్రెల వైపు తిరిగాడు.

ఆఖరి గొర్రె దాటేదాకా పుట్టి లాగుతూ అక్కడే ఉన్నాను. గొర్రెపిల్లలు పోయింది కాపరి అజాగ్రత్త వల్ల కాదని, నేను చెప్పకపోవడం వల్లనని మా అధికారికి రాసిచ్చాను. గేటు కబుర్లు పెట్టుకునే మా వాట్సాప్ గ్రూపులో రెవెన్యూ ఆయన నంబరు చేర్చాను.

"ఏం మామా, ఆ ఆఫీసుకు అల్లుడై పోయినావా?" అన్నాడు పక్క సీటాయన.

అవునన్నాను.

మళ్లీ నీళ్లు వదిలే రోజు కాపరికి నేనే ఫోన్ చేశాను. మంద గట్టెక్కిందని ఆయన చెప్పేదాకా గేటు ఆపమని మావాళ్లను అడిగాను. ఆపారు.