పిచ్చుకల కోసం ఊడదీసిన రేకు

ఊరికే ఏదైనా ఇస్తామని ఎవరైనా వస్తే అందులో వాళ్లకేం లాభమో ముందు లెక్కేస్తాను. బేగంబజార్‌లో పప్పుల దుకాణంలో పెరిగినవాణ్ణి. తూకంతో పాటే అనుమానమూ నేర్చుకున్నాను.

ఓ రంగుల కంపెనీ నుంచి ఇద్దరు వచ్చారు. నగరంలో పిచ్చుకలు తగ్గిపోతున్నాయట, వాటిని కాపాడే పని తమ కంపెనీ నెత్తిన వేసుకుందట. దుకాణానికో చెక్కగూడు, పిచ్చుక బొమ్మతో కొత్త బోర్డు. అంతా ఉచితం. బోర్డు మీద మా పేరు కంటే వాళ్ల పేరే పెద్దగా ఉంది.

"మీ ఫ్యాక్టరీ కాడ గిట్ల ఏమన్న కట్టిన్రా?" అని అడిగాను. ఒకాయన నవ్వాడు. రెండో ఆయన ఫోన్ చూసుకున్నాడు.

మా బాపు మాత్రం కరిగిపోయాడు. పొద్దున షట్టర్ ఎత్తగానే బస్తాల కింద రాలిన గింజలు ఊడ్చి, చెరిగి, మెట్టు మీద పోస్తాడు. ఆ తర్వాతే గల్లా తెరుస్తాడు. తాత పెట్టించిన రేకు బోర్డుకూ గోడకూ మధ్య సందులో ఓ పిచ్చుకల జంట కాపురముండేది. అప్పుడే పిల్లలు కూడా పుట్టాయి.

"పిట్టల కోసం గింత దూరం వచ్చిన్రు. నీకు అందరి మీద అనుమానమే," అన్నాడు బాపు.

"పాత బోర్డు తీస్తే పిల్లలు ఏమైతయ్ బాపూ? ఎగిరిపోయేదాంక ఆగమను."

"కొత్త గూట్లోకి జాగ్రత్తగా మారుస్తాం సార్," అన్నాడు ఫోనాయన. "ఫోటోలు ఈరోజే పంపాలి."

బాపు తల ఊపాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన ఊ అన్నాక ఆ దుకాణంలో నా మాట చెల్లదు. రేకు ఊడదీసి, గడ్డితో సహా పిల్లల్ని ఎత్తి చెక్కగూట్లో పెట్టారు. దాని కింద బాపును నిలబెట్టి ఫోటో తీశారు. కరిగించి మళ్లీ వాడితే పర్యావరణానికి మంచిదంటూ పాత రేకునూ బండిలో వేసుకుపోయారు.

తల్లిపిట్ట రేకు ఉన్నచోటే గోడకు రెక్కలు కొట్టుకుంది. రంగువాసన కొడుతున్న గూటివైపు పోనేలేదు. లోపల పిల్లలు అరుస్తున్నాయి. బాపు స్టూలెక్కి గూడును ఇటు జరిపాడు, అటు జరిపాడు, నూకలు పెట్టి చూశాడు. మర్నాటికి అరుపులు లేవు.

కొన్నాళ్లకు కంపెనీవాళ్లు ఫోన్ చేశారు, పిచ్చుకలు వస్తున్నాయా అని. నేను తిట్టబోతుంటే బాపు ఫోన్ లాక్కున్నాడు.

"మా పాత రేకు ఇంకా ఉన్నదా భాయ్? ఉంటే తెచ్చియ్యున్రి. ఊరికే వద్దు, పైసలిస్త."