క్యాన్ నీళ్ల మర్యాద

నల్లా నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో ఇంటింటికీ తిరిగి చూడటం నా ఉద్యోగం. ఈ రోజు నీళ్లొచ్చే వేళకి మామిడిపల్లిలో పైపులైను చిట్టచివరి ఇంటికి వెళ్లాను. అక్కడిదాకా క్లోరిన్ మిగిలిందంటే దారి పొడవునా ఉన్నట్టే. నల్లా నీళ్లు ఒక గ్లాసెడు కావాలంటే ఇంటావిడ లోపలికెళ్లి తెచ్చింది. సీసాలో పోసి మందు చుక్కలు వేశాను. క్లోరిన్ ఉంటే పసుపు రంగు రావాలి, రాలేదు. మళ్లీ వేసినా రాలేదు. సరఫరా ఆపమని చెప్పడానికి ఫోన్ తీశాను. కానీ నా లైను మీద నాకు నమ్మకం.

"అక్కా, ఇవి నల్లా నీళ్లేనా?"

"అయ్యో, ఇంటికొచ్చినోళ్లకు నల్లా నీళ్లిస్తమా తమ్మీ? ఫిల్టర్ క్యాన్‌ల నీళ్లు తెచ్చిన."

వాకిట్లో నల్లా దగ్గర నేనే పట్టుకున్నాను. చుక్కలు పడగానే పసుపు రంగు తిరిగింది. ఆ ధీమాతో ఇంకో గ్లాసు పట్టుకుని ఆమె ఎదుటే తాగేశాను.

ఆమె నొచ్చుకుంది. "గట్లెట్ల తాగుతవ్ తమ్మీ? ఎవలన్న చూస్తే మా ఇజ్జత్ ఏంగావాలె?"

నీళ్లు పాసయ్యాయి, నేనే ఫెయిలయ్యాను. వచ్చినవాళ్లకు నల్లా నీళ్లిచ్చే ఇల్లు మీలో ఎవరిదైనా ఉంటే చెప్పండి. ఈసారి సీసా లేకుండా, చుట్టంలా వస్తాను.