ఎడమ పక్క నడిచిన మనిషి

మిస్త్రీగారు పోయారన్న వార్తను నేను మొదట ఎడమ చెవితో విన్నాను. ఫోనులో ఆయన తమ్ముడు మాట్లాడుతున్నాడు. “సార్, మా అన్న పోయిండు. పొద్దుగాల నమాజు చేసి గోడకు ఆనుకొని కూసున్నడు. గట్లనే ఒరిగిండు.” నా ఎడమ చెవికి సగమే వినబడుతుంది. ఆ సగంలో ఏదో పొరపాటు జరిగి ఉంటుందన్న ఆశతో ఫోనును కుడి చెవికి మార్చి, “మళ్లీ చెప్పు నాయనా” అన్నాను. అతడు మళ్లీ చెప్పాడు. కుడి చెవిలోనూ అదే మాట. దుఃఖం కలిగిందని రాసుకోవచ్చు గాని, అది పూర్తి నిజం కాదు. మొదట కలిగినది భయం.

వనపర్తిలో మార్కెట్ వెనుక సందు మొదట్లో ఆయన మరమ్మతు దుకాణం ఉండేది. రేడియోలతో మొదలుపెట్టి, టీవీల మీదుగా, సెల్‌ఫోన్లు, లాప్‌టాప్‌ల దాకా వచ్చారు. ఊరంతా మిస్త్రీ సాబ్ అనేది. ముప్పై నాలుగేళ్లు తెలుగు పాఠం చెప్పిన నాకు ‘గారు’ లేకుండా ఎవరినీ పిలవడం చేతకాదు. ఆయన చదువు ఉర్దూలో సాగి, ఐదవ తరగతితో ఆగింది. ఆయన మాటను దిద్దడం నాకు అలవాటు. నా దిద్దుబాటును నవ్వులో కలిపేయడం ఆయనకు అలవాటు.

“‘తెల్వదు’ కాదు మిస్త్రీగారూ, ‘తెలియదు’ అనాలి.”

“జర ఆగుండ్రి సార్. గా ఒక్క అక్షరం ఎక్కువ పెడితే మీ జాక్ దానంతట అదే బాగైతదా ఏంది?”

ఆ జాక్ సంగతి చెప్పాలి. పదవీ విరమణ తరువాత నేను ఒప్పుకున్న పని ఒకటే. చూపులేని పిల్లల కోసం కొందరు ఉపాధ్యాయులు పాఠ్యపుస్తకాలను చదివి రికార్డు చేస్తారు. ఆ రికార్డులను నేను హెడ్‌ఫోన్ పెట్టుకొని విని, ఎక్కడ ఒత్తు పోయింది, ఎక్కడ ‘శ’ ‘స’ అయింది అని గుర్తించి, దిద్దిన పట్టిక తిరిగి పంపుతాను. కళ్లజోడు లేకుండా నేను ఏమీ చదవలేను. కాని నా చెవిని మించిన చెవి జిల్లాలో లేదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనెప్పుడూ దాచుకోలేదు.

రెండేళ్ల కిందట లాప్‌టాప్‌లో హెడ్‌ఫోన్ గుచ్చే రంధ్రం, ఆ జాక్, నెల రోజులుగా వదులై ఉన్నది. తీగ కదిలితే చిటపటమనేది. ఒక పక్క శబ్దం పోయేది, వచ్చేది. నేను పిన్నును అటూ ఇటూ తిప్పి, కాగితం మడతపెట్టి దాని కింద దోపి, పని నడిపించుకునేవాణ్ణి. ఒక ఉదయం స్నానం చేసి వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఎడమ పక్క అసలే పలకలేదు. తిప్పాను. కాగితం మడత మార్చాను. చెవిలో సన్నని ఈల వంటిదేదో మోగుతున్నది. స్నానంలో నీళ్లు పోయి ఉంటాయనుకున్నాను. అట్లా రెండు రోజులు పిన్నునే తిప్పుతూ కూర్చున్నాను. ఆ రెండు రోజులలోనే, నాగర్‌కర్నూల్‌లో ఉండే ఒక ఉపాధ్యాయురాలి పాఠంలో నలభై తప్పులు గుర్తించి పంపాను. ఆమె మర్యాదగా, “సార్, దయచేసి మరొక్కసారి వినండి” అని రాసింది. నాకు కోపం వచ్చింది. మూడవ రోజు లాప్‌టాప్ సంచిలో పెట్టుకొని దుకాణానికి వెళ్లాను.

మిస్త్రీగారి పనికి ఒక పద్ధతి ఉండేది. పాత క్యాలెండర్ కాగితం వెనుక లాప్‌టాప్ ఆకారం గీసి, ఏ మూల విప్పిన మరను ఆ మూలనే కాగితంలో గుచ్చేవారు. ఒక మర కూడా తన స్థానం తప్పేది కాదు. ముందుగా సూదితో రంధ్రంలోని దూది పోగును లాగారు. ఆ తరువాత బోర్డు మీద జాక్ కాళ్ల దగ్గర విరిగిన టంకాన్ని భూతద్దం కింద నాకు చూపించి, కొత్త టంకం వేశారు. తన హెడ్‌ఫోన్ పెట్టి విన్నారు. నాది పెట్టి విన్నారు. “రెండు పక్కల మంచిగ వస్తుంది. ఇనుండ్రి సార్.”

పెట్టుకున్నాను. “ఎడమ పక్క ఇంకా పలకడం లేదు. పని కుదరలేదు, మిస్త్రీగారూ” అన్నాను, తప్పుల కాపీ తిరిగి ఇచ్చే గొంతుతో.

ఆయన వాదించలేదు. “చెడింది మనకు కనవడ్డ కాడనే ఉంటదని లేదు సార్. మార్చి చూడాలె” అన్నారు. అది ఆయన రోజుకు పదిసార్లు అనే మాటే. నా తల మీది హెడ్‌ఫోన్ తీసి, తిప్పి పెట్టారు. ఎడమ చెవిది కుడికి వచ్చింది, కుడి చెవిది ఎడమకు పోయింది.

“ఇప్పుడు ఏ పక్క వస్తలేదు?”

“ఎడమ పక్కే” అన్నాను.

అన్న మరుక్షణం నాకు అర్థమైంది. ఇంతవరకు పలకలేదనుకున్న ఆ హెడ్‌ఫోన్ గిన్నె నా కుడి చెవిలో స్పష్టంగా పాఠం చదువుతున్నది. చెడినది దానిలో లేదు. బడిలో ఏ తనిఖీ అధికారి ముందూ తడబడని నేను, ఆ స్టూలు మీద నుండి లేవలేకపోయాను.

ఆయన నా ముఖం చూసి, అక్కడ తన ఫోను కోసం కూర్చున్న గొర్రెల వ్యాపారి వైపు తిరిగారు. “అన్నా, సార్ లాప్‌టాప్‌కు పెద్ద బిమారే ఉన్నది. టైం పడ్తది. నువ్వు చాయ్ తాగి రాపో.”

“లాప్‌టాప్‌కు బిమారేంది మిస్త్రీ? సూది ఏస్తవా?”

“ఏస్త. నువ్వుంటే నీకు కూడ ఏస్త, పో.”

అతడు నవ్వుకుంటూ వెళ్లాక, మిస్త్రీగారు నా ఎదుటికి వచ్చి, గొంతు తగ్గించి అడిగారు. “ఎన్ని దినాలయింది సార్?”

“నీళ్లు పోయాయి, అంతే. రెండు రోజులు.”

“జాక్ మంచిగయింది. చెవ్వు చూపియ్యాలె. ఇయ్యాల్నే.”

భయపడినప్పుడు నాకు కోపం వస్తుంది. “మీరు రేడియో మిస్త్రీలు. వైద్యులు కారు” అన్నాను.

“అవును సార్. నాకు తెల్వదు. తెలిసినోళ్ల కాడికి పోదామంటున్న. మా నాయినకు గిట్లనే అయింది. నీళ్లు పోయినయనుకొని వారం కూసున్నం. మళ్ల రాలె.”

ఆ ‘తెల్వదు’ను నేను దిద్దలేదు. ఆయన షట్టరు దించారు.

కర్నూలు ఆస్పత్రికి బయలుదేరాం. పెబ్బేరులో బస్సు మారాలి. ఆ రోజు సంత. ఎద్దులు, లారీలు, బేరాలాడే గొంతులు అన్నీ నాకు కుడి వైపు నుండే వస్తున్నాయి. లోకం సగం తెగిపోయినట్టున్నది. రోడ్డు దాటబోతున్నాను. ఆయన నా చొక్కాను వెనుక నుండి గుంజారు. గుండీ ఊడిపోయింది. ఎద్దులను ఎక్కించుకున్న వ్యాన్ ఒకటి ఎడమ వైపు నుండి నా మోకాళ్ల ముందుగా దూసుకుపోయింది. హారన్ మోగించిందట, చాలాసేపు మోగించిందట. నాకు వినబడలేదు.

ఆయన ఊడిన గుండీని వెతికి, నా జేబులో వేసి, ఎడమ వైపుకు వచ్చి నిలబడ్డారు. “ఇంకమీద ఈ పక్క నాది సార్” అన్నారు.

బీచుపల్లి వంతెన మీద కృష్ణానది, ఒడ్డున ఆంజనేయుని గుడి కనబడ్డాయి. ఎడమ నుండి ఆయన మోచేయి తగిలింది. ముఖం తిప్పాను. “మీ ఆంజనేయునికి దండం పెట్టుకోండ్రి సార్. నేను చెప్తే ఇంటడో లేదో.” దారిలో కనబడే గుడులకు మొక్కే అలవాటు నాకు లేదు. ఆ రోజు రెండు చేతులూ జోడించాను. ఆయన కూడా ఏదో గొణుక్కున్నారు. ఏమని అడగలేదు.

డాక్టరు పరీక్షలన్నీ చేసి, “తొందరగానే వచ్చారు. అయినా ఎంత తిరిగి వస్తుందో చెప్పలేను” అన్నాడు. ఆ వాక్యంలో నాకు ఏ దోషమూ కనబడలేదు. అటువంటి వాక్యం మరొకటి వినకూడదనుకున్నాను. మందులు వాడిన కొన్ని వారాలకు ఎడమ చెవి సగం తిరిగి వచ్చింది. రానిది ఇక రాదన్నారు. కుడిది కూడా పోతే? ఆ ప్రశ్న నన్ను ప్రతి ఉదయం లేపేది. నేను తిన్నగా దుకాణానికి వెళ్లేవాణ్ణి. మిస్త్రీగారు వేరే పని పక్కకు పెట్టి, హెడ్‌ఫోన్ ఒకసారి అట్లా, ఒకసారి ఇట్లా పెట్టి, “నిన్నటంతనే ఉన్నదా?” అని అడిగేవారు. “అంతే ఉంది” అంటే, “అయితే పోయి పాఠాలు దిద్దుకోండ్రి, పరేషాన్ కావద్దు” అనేవారు. ఇది రెండేళ్లు నడిచింది. ఫోను మాత్రం ఎడమ చెవికే పెట్టుకోమని పట్టుబట్టారు. “పని చెప్పకుంటే గదీ పండుకుంటది సార్.” అందుకే ఆ వార్త కూడా ముందు ఆ చెవికే వచ్చింది. నాగర్‌కర్నూల్ ఉపాధ్యాయురాలికి క్షమాపణ రాయమన్నదీ ఆయనే. రాశాను. ఆమె పాఠంలో నలభై తప్పులు లేవు, మూడే ఉన్నాయి.

మేము ఎక్కడికి నడిచినా ఆయన ఎడమ పక్కనే నడిచేవారు. అటు నుండి మాట్లాడితే నాకు సరిగా వినబడదు కనుక, ముందు మోచేతితో మెల్లగా తట్టి, నేను ముఖం తిప్పిన తరువాతనే మాట మొదలుపెట్టేవారు. నా చెవి సంగతి ఊరిలో ఎవరికీ తెలియనివ్వలేదు. ఇద్దరు ముసలివాళ్లకు మోచేతులతో పొడుచుకునే అలవాటున్నదని మాత్రమే అందరూ అనుకున్నారు.

ఇప్పుడు నేను గోడను ఎడమ పక్కకు ఉంచుకొని నడుస్తున్నాను. గోడ అయిపోయి సందు వచ్చిన ప్రతిచోటా ఆగి, ఒళ్లంతా అటు తిప్పి చూసిగాని అడుగు వేయను. ఉదయం హెడ్‌ఫోన్ నేనే తిప్పి పెట్టుకుంటాను. నిన్నటంతనే ఉన్నదా అని అడిగేవారు లేకపోతే, ఉన్నదో లేదో నాకు నమ్మకం కుదరడం లేదు.

ఆయన పోయిన రోజు మధ్యాహ్నం నమాజు తరువాత, ఆయనను మోసే జనాజా లేచింది. భుజం ఇస్తానని ముందుకు వెళ్లాను. ఆయన తమ్ముడు, “సార్, పెద్ద మనిషి మీరు, ఎడమ భుజానికి బరువుంటది. కుడి భుజానికి పెట్టుకునేటట్టు ఇటు రాండ్రి” అన్నాడు. నేను కదలలేదు. ఎడమ భుజానికే ఎత్తుకున్నాను. దుకాణం ముందు నుండి, మూసిన షట్టరు ముందు నుండి నడిచాం. అడుగు పడినప్పుడల్లా జనాజా కొయ్య నా భుజాన్ని మెల్లగా తట్టింది. తట్టిన ప్రతిసారీ, ఆయన ఏదో చెప్పబోతున్నారని, నేను ముఖం అటు తిప్పాను.