పాపను అడగకండి

ప్లాస్టర్ తీసేసిన నాలుగో రోజున, వీధిలో ఆటో హారన్ వినగానే మా అక్క కూతురు చిన్ని మంచం కిందికి దూరింది. దానికి ఎనిమిదేళ్ళు. ఏదో తేడాగా ఉందని నాకు మొదటిసారి అనిపించింది ఆ రోజే.

అంతకు ఆరు వారాల ముందు బావ దాన్ని స్కూటీ మీద స్కూలుకు తీసుకెళ్తుంటే, ఆటోనగర్ దగ్గర వెనక లారీ హారన్ కొట్టింది. కంగారుగా పక్కకు తిప్పడంతో బండి జారింది. బావకు గీతలు పడ్డాయి, చిన్నికి ఎడమ చేయి విరిగింది. ఎక్స్-రే చూసి, 'హెయిర్‌లైన్ ఫ్రాక్చర్, సర్జరీ అక్కర్లేదు' అన్నారు. చిన్ని ఏడవలేదని అందరం మెచ్చుకున్నాం. నేనూ మెచ్చుకున్నాను.

ఆ తర్వాత చుట్టాలు, ఇరుగుపొరుగు బత్తాయిలు పట్టుకుని పలకరింపులకు వచ్చారు. ఎలా పడ్డదో వచ్చినవాళ్ళందరికీ చిన్నే చెప్పాలి. చివర్లో బావ, "ఈవిడగారే లేటయిపోద్దని తొందరపెట్టిందండీ" అనేవాడు. అందరూ నవ్వేవారు.

మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. నాకు డైరీ రాసే అలవాటు. పాత పేజీలు తిరగేస్తే, పక్క తడిపిందని మూడుచోట్ల ఉంది. అన్నం వదిలేస్తోందని, బొమ్మలు వేయడం మానేసిందని ఉంది. అన్నీ ఒకచోట చూసేసరికి భయం వేసింది.

నలుగురిలో నోరు విప్పలేను కాబట్టి, రివ్యూలో ఆర్థో డాక్టరుగారికి ఆ పేజీలే ఇచ్చాను. "బోన్ బాగా అతుక్కుందమ్మా. ఇది చైల్డ్ సైకాలజిస్టుకి చూపించండి, ఆలస్యం చేయొద్దు" అన్నారు.

పిల్లకు పిచ్చని పేరు పడిద్దని అమ్మ ఒప్పుకోలేదు. తాయెత్తు కడితే జడుపు పోద్దంది పెద్దమ్మ. తాయెత్తు కట్టుకోండి, కౌన్సెలింగ్‌కి మాత్రం తీసుకెళ్తానన్నాను. అక్క నా వెంట వచ్చింది.

మూడో సిటింగ్‌లో సైకాలజిస్టుగారు, చిన్నిని అడిగి బావను లోపలికి పిలిచారు.

"నేను తొందరపెట్టకపోతే నువ్వు పడేవాడివి కాదుగా నాన్నా" అంది చిన్ని.

బావ కుర్చీ దాని దగ్గరికి జరుపుకున్నాడు. "బండి నడిపింది నేనమ్మా. తప్పు నాదే" అన్నాడు. అది అప్పుడు ఏడ్చింది.

అంతటితో అయిపోలేదు. వారం తిరక్కుండా కూచిపూడి నుంచి వచ్చిన బంధువొకావిడ, "ఎట్టా పడ్డావే?" అని మొదలుపెట్టింది. చిన్ని మొహం మళ్ళీ బిగుసుకుంది. నేను లేచి నిలబడ్డాను.

"పాపను అడగకండి. ఏం కావాలన్నా నన్నడగండి."

ఆవిడ కాఫీ తాగకుండా వెళ్ళిపోయింది. ఇంటికొచ్చినవాళ్ళను అవమానించానని అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు చిన్ని ఆటోలో స్కూలుకు వెళ్తోంది. పెద్ద హారన్ వినిపిస్తే ఇంకా నా చేయి పట్టుకుంటుంది. నెలకొకసారి సిటింగ్ ఉంది.

దెబ్బ మానాక కూడా పిల్లల నిద్ర, తిండి, ఆట మామూలుగా లేకపోతే, ఎముకలు చూసే డాక్టరుకైనా సరే, ఆ మాట చెప్పండి. ఇంట్లో అందరూ ఒప్పుకునేదాకా ఆగకండి. మా ఇంట్లో ఇప్పటికీ ఒప్పుకోలేదు.