రాత్రి పడుకుని పొద్దున లేవని సర్వరు

ఏదైనా వెలుగుతూ కనిపిస్తే దాన్ని కట్టేయకుండా ఉండలేకపోవడం మావయ్యకున్న జబ్బు. రక్తపరీక్షల ల్యాబుకి మేనేజరై ఉండి కూడా ఆయన ఆ జబ్బుకి ఏ పరీక్షా చేయించుకోలేదు.

ఇంట్లో అత్తయ్య పేపరు చదువుతుండగానే లైటు తీసేస్తాడు. "నేనింకా చదువుతున్నానండీ" అని చీకట్లోంచి వినబడుతుంది. "చదివింది చాల్లే, ఎందుకు దండగ" అని చీకట్లోంచే జవాబు వస్తుంది. ఆ తర్వాత ఇద్దరూ గోడ పట్టుకుని భోజనానికి వెళతారు.

ఒకసారి పన్ను నొప్పికి వెళ్లాడు. డాక్టరు పక్కగదిలోకి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చేసరికి, కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న మావయ్య నెత్తిమీది పెద్ద లైటు కట్టేసి ఉంచాడు. "మీరు చూసేటప్పుడు వేసుకోండి" అన్నాడు, తెరిచిన నోరు మూయకుండానే.

ఇదంతా మేనకోడలికి కొత్త కాదు. ఆ ఇంట్లోనే పెరిగింది కాబట్టి అద్దం లేకుండా, వెలుగు లేకుండా జడ వేసుకోవడం వచ్చు. కంప్యూటర్ల చదువు పూర్తిచేసి మావయ్య ల్యాబులోనే చేరింది. ఏ రోజు లెక్కలు ఆ రోజు భద్రపరుచుకుని అక్కడి సర్వరు రాత్రి తనంతట తాను పడుకుంటుంది. పొద్దున్నే ఆమె ఇంట్లోంచి నెట్‌వర్కు మీద ఒక పిలుపు పంపిస్తే లేచి కూర్చుంటుంది. అలా కూర్చోబెట్టడమే ఆమె ఉద్యోగంలో మొదటి పని.

ఈమధ్య అది లేవడం మానేసింది. ఎన్నిసార్లు పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. ఎవరో ఒకరు వెళ్లి బొత్తాం నొక్కాలి. ఆ ఎవరో మేనకోడలే, మిగతావాళ్లకి దాన్ని ముట్టుకోవాలంటే భయం. ఆమె రెండు బస్సులు మారి వచ్చేసరికి, ఏమీ తినకుండా రక్తమివ్వడానికి వచ్చినవాళ్లు ల్యాబు యజమాని డాక్టరమ్మ మీద పడేవారు. డాక్టరమ్మ వచ్చి మేనకోడలి మీద పడేది.

"రేపు కూడా ఇదే తంతయితే ఈ పని బయటి కంపెనీకి అప్పజెప్పేస్తానమ్మా. పరగడుపున ఉన్నవాళ్లు నన్ను నమిలేసేలా ఉన్నారు" అంది డాక్టరమ్మ.

మేనకోడలు కేబులు మార్చింది. సెట్టింగులన్నీ జల్లెడ పట్టింది. దేనిలోనూ లోపం లేదు. కానీ లేపిన ప్రతిసారీ సర్వరు తెర మీద ఒకే ఫిర్యాదు చేసేది, నిన్న నన్ను పద్ధతిగా ఆపలేదని. పద్ధతిగా ఆపితే అది ఒక చెవి తెరుచుకుని పడుకుంటుంది. ఉన్నట్టుండి కరెంటు తీసేస్తే చెవి తెరుచుకునే వ్యవధి ఉండదు. తర్వాత కరెంటు ఇచ్చినా పిలుపు దానికి వినబడదు.

ఉన్నట్టుండి తీసేయడం అనేసరికి ఆమెకు ఎవరు గుర్తురావాలో వాళ్లే గుర్తొచ్చారు.

"మావయ్యా, సర్వరు గదిలో ఏమైనా కట్టేస్తున్నావా?"

"నేనా? ఆ గదిలో నాకేం పని" అంటూ ఆయన ఆమె ముందున్న కంప్యూటరు తెర కట్టేసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ల్యాబు మూశాక ఆమె ఇంటికి వెళ్లలేదు. సర్వరు గదిలో అట్టపెట్టెల వెనక కూర్చుంది. వరండాలో ఒక్కొక్క లైటే ఆరుతూ వచ్చింది కాబట్టి మావయ్య ఎంతదూరంలో ఉన్నాడో తెలుస్తూనే ఉంది. ఆయన లోపలికి వచ్చి యూపీఎస్ దగ్గర చతికిలబడ్డాడు. కరెంటు పోతే సర్వరుని కాసేపు ఆదుకునే పెట్టె అది. బ్యాటరీ పాతబడి ఉండుండి కీచుమంటోంది.

"ఊరుకో, ఊరుకో" అని బుజ్జగిస్తూ ఆయన దాని బొత్తాం నొక్కిపట్టాడు. పెట్టె ఆగింది. దాంతోపాటు లెక్కలు సగంలో ఉన్న సర్వరూ ఆగింది.

మేనకోడలు లేచి లైటు వేసింది.

"ఇప్పుడు లైటెందుకే" అన్నాడు మావయ్య.

"రేపు నా ఉద్యోగం ఊడబోతోంది. నీ చలవే."

"ఇది కట్టేస్తే నీ ఉద్యోగం ఎందుకు ఊడుతుంది? పొద్దున్నే వచ్చి మళ్లీ వేస్తున్నాగా."

"వేస్తే సరిపోదు మావయ్యా. దాన్ని పద్ధతిగా పడుకోనివ్వాలి. లేకపోతే పిలిస్తే లేవదు. నాలుగు రూపాయల కరెంటు కోసం నా నోటి దగ్గర కూడు తీసేస్తావా?"

ఆయన మొహం చిన్నబోయింది. గోడకి చెవి ఆనించి, ఆమెనూ ఆనించమని సైగ చేశాడు. అవతల ఒక పసిబిడ్డ ఏడుస్తోంది. ఏడుపు సన్నగిల్లి ఆగిపోయింది. ఆ తర్వాత ఎవరో బరువుగా మంచం మీద వాలిన చప్పుడు.

"అంబులెన్సు డ్రైవరు ఇల్లు. కవలలు పుట్టారు. ఇది కీచుమన్నప్పుడల్లా ఇద్దరూ లేస్తున్నారు. ఆ తల్లికి కంటి మీద కునుకు లేదు" అన్నాడు గుసగుసగా.

"నాకు చెప్పొచ్చుగా?"

"ఈ పెట్టెతో కలిపి ముగ్గురు ఏడుస్తున్నారు. నాకు ఆపడం తెలిసింది ఒకదాన్నే. ఇంత మాత్రానికి చెప్పుకోవడమేంటి?"

మేనకోడలికి కోపం ఎటు పోయిందో తెలియలేదు. ల్యాబంతా పిసినారి అని నవ్వుతుంటే, ఈయన రోజూ వచ్చి జోకొట్టి పోతున్నాడు. మావయ్య మీద ఆమెకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. పైకి మాత్రం, "జరుగు" అంది.

యూపీఎస్ వేసి, అదే బొత్తాం ఒక్కసారి తట్టి వదిలింది. కీచుమనడం ఆగిపోయింది, కరెంటు మాత్రం ఉంది. సర్వరుని లేపి, లెక్కలు పూర్తి చేయించి, పద్ధతిగా పడుకోబెట్టింది. "రేపు కొత్త బ్యాటరీ తెప్పిస్తాను. ఈలోగా ఇది అరవదు. నువ్వు ముట్టుకోకు."

"ఆ పచ్చలైటు?"

"వెలగాలి మావయ్యా."

"రాత్రంతా?"

"రాత్రంతా."

ఆయన ఇంకోసారి దానివైపు చూడకుండా, చేతులు జేబుల్లో పెట్టుకుని బయటికి నడిచాడు.

పొద్దున్నే మేనకోడలు ఇంట్లోంచి పిలుపు పంపి, గుండె చిక్కబట్టుకుని కూర్చుంది. మొదటి పిలుపుకే సర్వరు పలికింది. పట్టలేని సంతోషంతో ల్యాబుకి ఫోను చేసింది. అందరికన్నా ముందొచ్చిన మావయ్య ఎత్తాడు.

"మావయ్యా, లేచింది!"

"నెమ్మదిగా మాట్లాడవే" అన్నాడు ఆయన. "పిల్లలింకా లేవలేదు."